ఎడమచేతి అనిసెతో

జనవరి 9

భోజనం దగ్గర ఈరోజు కూడా ఆ పాతకాలపు చిత్రకారుడు అనిసెతో కబుర్లే. చేపల కూర ఎలా కుదిరిందని అడిగాను. జసీరా ముద్ద పళ్ళెంలోనే వదిలేసి, అనిసెతో తన ఇంటి కప్పు కారుతోందని తన చర్చి సంఘం పెద్దలకు మొరపెట్టుకున్న సంగతి చెప్పింది. ఆ కాగితం ఇవాళే దొరికిందట. చెబుతుంటే ఆమె గొంతు బొంగురుపోయింది. మా వంటింటి కప్పు రెండు వానాకాలాలుగా కారుతోంది. దాని కోసం ఎవరి గొంతూ బొంగురుపోలేదు.

చచ్చి వందేళ్ళు దాటినవాడు. బానిస తల్లికి పుట్టి, ఎలాగో చిత్రకళాశాలలో చేరి, మా సాల్వడార్ ఊరి చర్చిల్లో సాధువులనూ బిషప్పులనూ వేసి, చివరికి పేరు కూడా మిగలకుండా పోయాడు. అతని బొమ్మలన్నిటి కిందా 'చిత్రకారుడు తెలియదు' అనే చీటీలు ఉండేవి. వాటిని ఒక్కొక్కటే పీకి 'అనిసెతో సాక్రమెంతో' అని పెట్టించింది నా పెళ్ళాం జసీరా. కుట్టుపని చేసే తల్లి కూతురు. బడి పిల్లలకు మ్యూజియం తిప్పి చూపించే గైడుగా మొదలైంది. నలభై దాటాక డాక్టరేటుకు వెళ్తే, నల్లవాళ్ళ చిత్రకళకి చరిత్రేముంది, పండగలూ డప్పులూ తప్ప అని అక్కడి ప్రొఫెసర్లు నవ్వారు. ఇప్పుడు జూన్‌లో నగర మ్యూజియంలో పెద్ద ప్రదర్శన. దానికి బొమ్మలు ఎంచి పేర్చే క్యూరేటర్ తనే. పెద్ద గది మొత్తం అనిసెతోకే.

నాకు సంతోషమే. సంతోషమని రాసుకుంటున్నాను.

జనవరి 17

నది ఒడ్డున కషోయెరా ఊరికి వెళ్ళొచ్చాం. కారు నాది గనక నేను కూడా.

అనిసెతో మనవరాలు డోనా ఎర్సీలియా అక్కడ ఉంటుందని జసీరా ఎలా పట్టుకుందో నాకు తెలియదు. ఎనభై దాటిన మనిషి, నది వైపు తలుపు తీసుకుని కూర్చుంది. కాఫీ ఇచ్చి, నడవా చివరికి తీసుకెళ్ళి, ఒక బొమ్మ చూపించింది. తెల్ల తలగుడ్డ కట్టుకున్న నల్లావిడ, గుమ్మంలో నిలబడి, అప్పుడే ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు. మూలన అనిసెతో సంతకం.

"మా అవ్వ. ఫెలిస్మీనా," అంది ముసలామె.

 జసీరాకి మూడేళ్ళ వెతుకులాటలో దొరికినవన్నీ దేవుళ్ళూ పూజారులూ. తన భార్యని, తన ఇంటి గుమ్మంలో నిలబెట్టి వేసిన బొమ్మ ఇదొక్కటే. జసీరా ఆ ముసలామె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను బొమ్మ ముందు నిలబడ్డాను. కుంచె ఎటు నుంచి ఎటు పోయిందో తెలుసుకోవడానికి గాలిలో చేయి ఆడించడం మా బొమ్మలేసేవాళ్ళకు అలవాటు. ఎడమ చేయి ఆడించాను. తర్వాత కుడి చేయి.

అనిసెతోది ఎడమచేతివాటం. ఇది కనిపెట్టిందీ జసీరాయే. కళాశాలలో మాస్టర్లు అతన్ని 'ఎడమచేతి నల్లోడు' అని పిలిచేవారట. అతని నీడల గీతలు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి జారతాయి. ఈ తలగుడ్డ మడతల్లో గీతలు దానికి ఎదురు జారుతున్నాయి.

ఇది అతని చేయి కాదు.

తిరుగు దారిలో జసీరా దారంతా పాడుతూనే ఉంది. తను పాడగా విని ఎన్నేళ్ళయిందో. నేను బండి నడిపాను.

జనవరి 18

నేను సరిగ్గా చూడలేదేమో. ఆ నడవాలో చీకటి. బొమ్మ అద్దం మీద మసి. నా కళ్ళజోడు కూడా మార్చాలి.

ఫిబ్రవరి 2

సముద్రపు తల్లి పండగ. తెల్లబట్టలు కట్టుకుని పూలబుట్టలతో ఊరంతా ఒడ్డునే. జసీరా తన బుట్టను పడవవాడికిచ్చి, ప్రదర్శన బాగా జరగాలని మొక్కుకుంది. నా కోసం ఏమైనా మొక్కావా అని అడిగాను. నీకు ఆరోగ్యం అడిగానంది. ముసలాళ్ళ కోసం అడిగేది అదే కదా.

అక్కడ తిబూర్సియో కలిశాడు. ఇద్దరం ఒకేసారి కుంచె పట్టినవాళ్ళం. ఓడరేవు బొమ్మలు వేసి హోటళ్ళకిచ్చి బతకడంలోనూ ఒకేలాంటివాళ్ళం. జసీరా వైపు చూసి, "ఏం రాజా, మీ ఆవిడ పూలు నీకా, ఆ పాతాయనకా?" అన్నాడు. నవ్వాను. నీకంటే ఆయనే బాగా వేస్తాడులే, ఏంచేస్తాం అన్నాడు. మళ్ళీ నవ్వాను.

ఆ చేయి సంగతి చెప్పడానికి పండగ రోజు మంచిది కాదు.

ఫిబ్రవరి 20

బొమ్మ కషోయెరా నుంచి మ్యూజియానికి వచ్చింది. శుభ్రం చేస్తారట. మసి పోయాక ఎవరికైనా కనిపిస్తుంది. అంతమంది నిపుణులున్నారు అక్కడ. నేనెందుకు చెప్పాలి?

మార్చి 14

పత్రికలో జసీరా మాటలు, ఫొటో. ఎర్ర చెవికమ్మలు పెట్టుకుంది. నేను కొనిచ్చినవి కావు, తనే కొనుక్కుంది. బొమ్మను చూడడం మీకు ఎవరు నేర్పారని విలేకరి అడిగితే, "ఒక చిత్రకారుడు. పుస్తకాలు చదివితే బొమ్మ కనపడదని, దాని ముందు కాళ్ళు నొప్పెట్టేదాకా నిలబడమని చెప్పాడు," అందట.

పత్రిక మడిచి బల్ల కిందకు తోశాను. చచ్చినవాడు ఈమెకు పాఠాలు కూడా చెబుతున్నాడన్నమాట.

మార్చి 15

తిబూర్సియోకి ఆ పత్రిక చూపించాను. చదివి నన్ను వింతగా చూశాడు. ఒరేయ్, ఇది నువ్వేరా, మేం బడి పిల్లల్ని తీసుకుని నీ గదికొచ్చిన రోజుల్లో నువ్వు అందరికీ చెప్పే మాటే కదా ఇది అన్నాడు. 'మేం' అన్నాడు. అప్పట్లో వాడు కూడా జసీరా వెనక తిరిగేవాడు. మర్చిపోయాను.

నా పేరు చెప్పొచ్చుగా మరి. పేరు చెబితే నోరు అరిగిపోతుందా?

ఏప్రిల్ 6

పోస్టర్లు వచ్చాయి. బస్సు స్టాపుల్లో, కొండ మీది పై ఊరికి తీసుకెళ్ళే లిఫ్టు దగ్గర, ఎక్కడ చూసినా ఫెలిస్మీనా. మసి పోయి తెల్లగుడ్డ వెలిగిపోతోంది. ప్రదర్శన కోసం అచ్చేసిన పుస్తకం అట్ట మీద కూడా ఆమేనట. కింద పెద్ద అక్షరాల్లో అనిసెతో సాక్రమెంతో.

గీతలు పోస్టర్లో కూడా తెలుస్తున్నాయి. బస్సు కోసం నిలబడి చూశాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

శుభ్రం చేసినవాళ్ళకి కనపడలేదు. సంతకం ఉంటే మరిక ఎవరూ గీతలు చూడరు. జసీరా కూడా. ప్రేమించినవాళ్ళకి మడతలు కనపడవు.

ఏప్రిల్ 21

ఈరోజు అడిగేశాను. అంత పెద్ద ప్రదర్శనలో నా బొమ్మకి ఒక మూలైనా లేదా అని. కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"అది చచ్చినవాళ్ళ ప్రదర్శన, నివాల్డో."

"అయితే చావాలా?"

"తొందరేం లేదు," అంది.

నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. కాసేపు పాత రోజుల్లా ఉంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. ఇంతలో ఆమె లిస్బన్ నుంచి పిలుపు వచ్చిందని, ఇక్కడ అయ్యాక ప్రదర్శన అక్కడి మ్యూజియానికి వెళ్తుందని, అనిసెతో ఎన్నడూ దాటని సముద్రాన్ని అతని బొమ్మలు దాటుతాయని చెప్పింది. చెబుతుంటే ఆ కళ్ళు. వంకాయ ముక్కలు నేనే పెనంలో వేశాను.

మే 10

మూడు రోజులుగా ఎడమ చేత్తో బొమ్మలు వేస్తున్నాను. నాకే సిగ్గుగా ఉంది, అయినా వేస్తున్నాను. తెల్లగుడ్డ ఒకటి కుర్చీ మీద వేసి, దాని మడతలు ఎడమ చేత్తో పది సార్లు, కుడి చేత్తో పది సార్లు. ఎంత ప్రయత్నించినా ఎడమ చేత్తో ఆ గీత రాదు. మణికట్టు అటు తిరగదు.

ఇక అనుమానం లేదు.

నేను చెబితే ఏమంటుంది? అసూయ అంటుంది. నిజం చెబుతున్న మనిషిని అసూయపరుడంటే ఎలా ఉంటుంది? కాబట్టి చెప్పను. ఆమె సంతోషం పాడుచేయడం నాకిష్టం లేదు. భర్త అన్నవాడు కొన్ని మింగాలి.

మే 11

నిన్న రాసింది చదివాను. అబద్ధం. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకో.

నాకు కనిపించేది ఇది: లిస్బన్‌లో ఎవడో పండితుడు బొమ్మ ముందు చేయి ఆడిస్తాడు. పత్రికల్లో వస్తుంది. ఫోన్లు ఆగిపోతాయి. ఆమె పెట్టె పట్టుకుని ఇంటికొస్తుంది. ఈ గుమ్మంలోకి. నేను తలుపు తీస్తాను. ఆమె నా భుజం మీద తల పెడుతుంది. ఆ తర్వాత భోజనం దగ్గర మేమిద్దరమే.

ఇది తలుచుకుంటే హాయిగా ఉంది. హాయిగా ఉండడమే భయంగా ఉంది.

మే 30

వాన. జసీరా రోజూ మ్యూజియంలోనే. బొమ్మలు గోడలకెక్కిస్తున్నారు.

జూన్ 4

ఈరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. తడిసిపోయి ఉంది. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. కుర్చీలో కూర్చుని నేలకేసి చూస్తూ, "అది అతనిది కాదు," అంది.

నేను తువ్వాలు మడత పెట్టాను.

అనిసెతో బొమ్మలన్నీ ఒకే గదిలో, ఒకే వెలుతురులో పక్కపక్కనే వేలాడడం ఇదే మొదటిసారట. పనివాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఆమె ఒక్కతే గది మధ్యలో నిలబడింది. కాళ్ళు నొప్పెట్టేదాకా. అన్ని బొమ్మల్లోనూ నీడల గీతలు ఒక గాలికి వంగిన గడ్డిలా ఒకే వైపు ఉన్నాయట. ఒక్క దానిలో మాత్రం ఎదురు.

చెప్పడం ఆపి తల ఎత్తి నన్ను చూసింది.

"నువ్వు 'ఏది' అని అడగలేదు," అంది.

ఇక దాచడానికేముంది?

"డోనా ఎర్సీలియా ఇంట్లో నువ్వు చేయి ఆడించావు. ముందు ఎడమది, తర్వాత కుడిది. నేను చూశాను. మురిసిపోతున్నావేమో అనుకున్నాను."

నేను చెబితే అసూయ అనేదానివి అన్నాను.

"అసూయే కదా."

మడిచిన తువ్వాలు విప్పాను.

"అసూయే. మూడేళ్ళుగా నాకు తెలుసు. తెలిసీ నువ్వు వండినదల్లా తిన్నాను, పక్కలో పడుకున్నాను. అసూయపడుతూనే చెప్పి ఉండొచ్చుగా, నివాల్డో? తిట్టుకుంటూ చెప్పి ఉండొచ్చు. నేనూ నిన్ను నాలుగు తిట్టేదాన్ని. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూసుకునేదాన్ని."

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని చెల్లెలింటికి వెళ్ళింది. తువ్వాలు నా చేతిలోనే ఉంది.

జూన్ 5

వంట చేయలేదు.

జూన్ 7

తిబూర్సియో వచ్చాడు. ఊళ్ళో తెలిసిపోయిందట. ప్రదర్శన అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు, అట్ట మీద అచ్చయిన బొమ్మ, ఇప్పుడెలా అని మ్యూజియం డైరెక్టర్ జసీరాని బతిమాలాడట. ఆమె వినలేదట. ఆ బొమ్మకి కొత్త చీటీ తనే రాసిందట: 'చిత్రకారుడు తెలియదు'. అలాంటి చీటీలు పీకుతూ ఇన్నాళ్ళూ గడిపిన మనిషి.

వాడేదో నన్ను ఓదార్చడానికి, అంత మేధావికి తెలియంది నీకు తెలిసింది చూడు రాజా అన్నాడు. వాణ్ణి వెళ్ళిపొమ్మన్నాను.

జూన్ 9

జసీరా ఫోన్. రేపు కషోయెరా రావాలంది. కారు కోసమా అన్నాను. కారు కోసం కాదు, ఆ ముసలామెకి నువ్వే చెప్పాలి అంది.

జూన్ 10

కషోయెరా వెళ్ళాం. వాన ఆగింది. నది ఎర్రగా పారుతోంది.

డోనా ఎర్సీలియా మాకోసం కర్రపెండలం రొట్టె కాల్చి ఉంచింది. తిన్నాకే చెప్పమంటుందేమోనని జసీరా వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది. చెప్పాను. గీతల సంగతి, చేతుల సంగతి. చేతులు ఆడించి చూపించాను. సంతకం మాత్రం మీ తాతదే, ఎడమ చేతిదే, కానీ రంగు ఆరిన చాలాకాలానికి పైన చేసింది అని కూడా చెప్పాను. ఇది నేను జనవరిలో వచ్చినప్పుడు గమనించలేదు. దారిలో తినమని రొట్టె ఇచ్చినట్టు, బయల్దేరేముందు సంతకాన్ని దగ్గరగా తీసిన ఫొటో ఒకటి జసీరా నా చేతిలో పెట్టింది. పాత రంగు పగుళ్ళలోకి సంతకం రంగు దిగి ఉండడం దానిలో చూశాను.

ముసలామెకి కోపం వస్తుందనుకున్నాను. రొట్టె పళ్ళెం పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా అంది:

"మా అవ్వకి కోపమొచ్చినప్పుడల్లా ఒకే మాట. మీ తాత ఊళ్ళో బిషప్పులందర్నీ వేశాడు, నన్ను మాత్రం ఒక్కసారీ వేయలేదు అని. బొమ్మ అక్కడ గోడకి వేలాడుతుండగానే అనేది. ముసలిదానికి మతి చెడిందని మేం పిల్లలం నవ్వుకునేవాళ్ళం."

జసీరా కిటికీ దగ్గర్నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అయితే వేసిందెవరమ్మా?" అని ముసలామె అడిగింది. తెలియదంది జసీరా.

"ఎవడైతేనేం. బాగా చూశాడు దాన్ని," అని ముసలామె పళ్ళులేని నోటితో నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగింది. "మరి మా తాత దాని మీద తన పేరెందుకు రాసుకున్నాడు నాయనా? నువ్వూ బొమ్మలేసేవాడివే కదా."

జసీరా పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. నా దగ్గర ఉంది.

"ఓర్వలేక, డోనా ఎర్సీలియా," అన్నాను. "తీసి పారేయడానికి మనసు రాలేదు. ఇంకొకడు వేశాడని రోజూ చూస్తూ బతకలేకపోయాడు. అందుకని తన పేరు రాసుకున్నాడు."

జసీరా నన్ను చూసింది. కోపం పోలేదు ఆ చూపులో. కానీ నన్ను చూసింది.

తిరిగి వెళ్ళేటప్పుడు చెల్లెలింటి దగ్గరే దిగింది.

జూన్ 14

ప్రదర్శన మొదలైంది. పిలుపు రాలేదు, అందరితో పాటు వరసలో నిలబడి వెళ్ళాను. జసీరా తెల్లబట్టల్లో ఉంది. ముందు తన పొరపాటే చెప్పింది. సంతకాన్ని నమ్మి చేతిని చూడలేదంది. ముందు వరసలో ఆ పాత ప్రొఫెసర్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. డైరెక్టర్ బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. ఎవరు కనిపెట్టారని ఒకాయన అడిగితే, "మొదట చూసింది చిత్రకారుడు నివాల్డో," అంది. భర్త అనలేదు. చిత్రకారుడు అంది. ఎన్నాళ్ళ నుంచో ఆ మాట ఆమె నోటివెంట వినాలనుకున్నాను. ఇలా కాదు.

ఫెలిస్మీనా ముందు జనం ఎక్కువ. పేరున్న అనిసెతో బొమ్మల ముందుకన్నా ఎక్కువ. నాకు ఆ ఎడమచేతివాడి మీద జాలేసింది.

జూన్ 17

పత్రికలో 'తప్పుడు అట్ట' అని శీర్షిక. లిస్బన్ వాళ్ళు ప్రదర్శన ఇప్పుడు వద్దన్నారని తిబూర్సియో చెప్పాడు. నేను కోరుకున్నదంతా వరసగా జరుగుతోంది. ఆమె మాత్రం ఈ గుమ్మంలోకి రాలేదు.

జూన్ 20

ఫోన్ చేశాను. ఎత్తింది. ఏం చెప్పాలో తెలియక, జనవరిలోనే చెప్పాల్సింది అన్నాను. అవును, చెప్పాల్సింది అంది. పెట్టేసింది.

జూన్ 24

సెయింట్ జాన్ పండగ. వీధి పొడుగునా మంటలు వేశారు. చీకటి పడకముందే జసీరా వచ్చింది, గిన్నెలో మొక్కజొన్న పాయసం పట్టుకుని. చెల్లెలు పంపిందట. సంచి తెచ్చుకోలేదు. అదీ చూసుకున్నాను.

గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాం. పక్కింటివాళ్ళ అకార్డియన్ పాట అయ్యేదాకా విన్నాం. తర్వాత తనే మొదలుపెట్టింది. ఆ రోజుల్లో అనిసెతో ఇంట్లో ఒక గది అద్దెకిచ్చేవారట. అంగళ్ళ మీద బోర్డులు రాసే ఒకతను కొంతకాలం అక్కడ ఉండి, చెప్పకుండా వెళ్ళిపోయాడట. అతనే కావచ్చు, కాకపోవచ్చు. బోర్డులు రాసేవాడికి అలా వేయడం ఎలా వచ్చింది? ఇంకేం వేశాడు? ఎక్కడికి పోయాడు? ఫెలిస్మీనాకి తెలిసే ఉంటుంది, అందుకే అలా తిరిగి చూస్తోంది. చెబుతుంటే మళ్ళీ ఆ కళ్ళు. మూడేళ్ళ క్రితం అనిసెతో పేరు మొదటిసారి చెప్పినప్పటి కళ్ళు.

ఇంకొకడు తయారయ్యాడు. వీడికి పేరు కూడా లేదు.

పాయసం గిన్నె పక్కన పెట్టాను. అయినా నాకు కనిపించింది చెప్పాను. ఫెలిస్మీనా మెడ కింద, గడ్డం కింద గీతలు కిందనుంచి పైకి పోయాయి. తల ఎత్తి చూస్తూ వేసినట్టున్నాడు. మనిషి పొట్టివాడు అయ్యుంటాడు అన్నాను. జసీరా మెట్టు మీద నా వైపు జరిగి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. చేయి ఆడించి చూపించాను.

నిజంగా పొట్టివాడో, పొట్టివాడైతే బాగుండునని నాకుందో తెలియదు. రేపు మ్యూజియం తలుపులు తీయకముందే వెళ్ళి బొమ్మ ముందు నిలబడి చూడాలి. తనూ వస్తానంది.